పిలవని మంచాలు

శిక్షణ హాస్టల్,
మూడో అంతస్తు, మెట్ల పక్క గది.

బావకి,

క్షేమంగా చేరాను. ఫోన్ వద్దు, ఫోన్‌లో అయితే మనిద్దరం తిట్టుకుంటాం, ఉత్తరం రాయి అన్నారు కదా, అందుకని వచ్చీరాగానే కాగితాలు కొన్నాను. నేను చివరిసారి ఉత్తరం రాసింది పెళ్లికి ముందు, మా ఆవిడకి. తప్పులు దిద్ది తిరిగి పంపింది. మీరు ఆ పని చేయరనే నమ్మకంతో రాస్తున్నాను.

క్లాసులో అందరికంటే నేనే పెద్ద. మొదటిరోజు నేను లోపలికి వెళ్లగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు, పాఠం చెప్పే మాస్టారనుకుని. ఏం చేయను, కూర్చోండి అన్నాను. కాసేపటికి అసలు మేడమ్ వచ్చేసరికి నేను వెనక బెంచీలో ముడుచుకుని ఉన్నాను. పుస్తకంలో గుండె బొమ్మ చూపించి కవాటాల గురించి చెప్పారు. వాల్వులే కదా, ఇది మనకి తెలిసిన సంగతే అని ధైర్యం వచ్చింది. రెండో పేజీకి ఆ ధైర్యం పోయింది.

నలభై ఒకటో ఏట, అదీ మగాడివి, నర్సు పనేమిట్రా అని బస్సు ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నారు. అందరి మధ్యా చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పుడు చెప్తాను. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కుంటే, మీరు పైకి మోటారు గదికి పరిగెత్తేవారు, నేను తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్లతో మాట్లాడేవాణ్ణి. బట్టల గోదాంలో ఒకావిడ ఇరుక్కుని ఊపిరి అందక ఏడ్చింది, గుర్తుందా? తలుపు సందులోంచి ఆవిడతో పాటు నేనూ ఊపిరి పీల్చాను, వదిలాను. మీరు లిఫ్టు దింపి, కిందికొచ్చి, మోటారుకేమైందో చెప్తుంటే నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బయటికి లాగినప్పుడు ఆవిడ చెయ్యి ఎందుకు అంత చల్లగా ఉంది అన్నదొక్కటే నా ఆలోచన. బావా, మీ దగ్గర నేను నేర్చుకున్నది లిఫ్టు పని. నాకు నచ్చింది మాత్రం తలుపు దగ్గర నిలబడటం.

కోర్సు ఏడాది. చివర్లో మంచం పక్కన పరీక్ష ఉంటుంది. నిజం రోగి, పక్కన హెడ్ నర్సు. అందులో గట్టెక్కితే నర్సుని. లేకపోతే మీ పాత భాగస్వామినే. అందాకా నా చోటు ఖాళీగా ఉంచుతానన్నారు, అది మీ మంచితనం.

మీ బావమరిది

*

వర్క్‌షాపు.

ఒరే నర్సమ్మా,

కోపం వస్తే రానీ. నేను ఇంకా చాలా పేర్లు ఆలోచించి పెట్టుకున్నాను.

నీ ఉత్తరం మీ అక్క ముందు చదివి కళ్లు తుడుచుకుని నాకిచ్చింది. అందులో ఏడవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. ఎవరో ఒకావిడ చెయ్యి చల్లగా ఉందని ఇరవై ఏళ్ల పని వదిలేస్తారా? నా చెయ్యీ చల్లగానే ఉంటుంది, వచ్చి పట్టుకో.

నీ మీద నాకు కోపమేం లేదు. కానీ చేతిలో విద్య పెట్టుకుని అన్యాయంగా పారేస్తున్నావని బాధ. మోటారు గది తలుపు తీయకముందే ఏ బేరింగు పోయిందో చెప్పే చెవిరా నీది. అలాంటి చెవి ఈ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు. దాన్ని తీసుకెళ్లి జనం దగ్గులు వినడానికి పెడతానంటే, కూర్చున్న కొమ్మని నరుక్కోవడం కాక ఇంకేమిటి?

నువ్వేడని కస్టమర్లు అడుగుతున్నారు. ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాను. అబద్ధం కాదు కదా. పాపం రెండు చోట్ల నీకోసం పండ్లు ఇచ్చి పంపారు. మేమే తిన్నాం. త్వరగా కోలుకోమన్నారు. నేనూ అదే అంటున్నాను.

మీ ఆవిడ కులాసాగా ఉంది. నువ్వు వెళ్లాక ఇంట్లో కాలికి స్క్రూలు గుచ్చుకోవడం లేదని మీ అక్కతో అందట. నిన్ను పంపించిన మహాతల్లి ఆవిడే కాబట్టి నేను ఆవిడతో ముక్తసరిగా మాట్లాడుతున్నాను. ఆవిడ పట్టించుకున్నట్టు లేదు.

ఏడాది అన్నాను, ఏడాదే. ఆ తరవాత నీ చోటులో వేరేవాణ్ణి పెట్టుకుంటాను. మాటంటే మాటే.

నీ బావ

*

ఆసుపత్రి, సిబ్బంది భోజనాల గది.

బావకి,

వార్డులో పని మొదలైంది. నా సంగతి విని మీరు నవ్వుతారు, నవ్వండి.

మన పనిలో మొదటిరోజు మీరు నేర్పింది ఏమిటి? ఒకరు మోటారు గదిలో, ఒకరు లిఫ్టు పెట్టె మీద. చెయ్యబోయేది గట్టిగా చెప్పాలి, అవతలివాడు అదే మాట తిరిగి చెప్పేదాకా స్విచ్చి మీద చెయ్యి పడకూడదు. ‘పైకి’ అంటే ‘పైకి’. ఆ అలవాటు నన్ను వదల్లేదు. మొదటిసారి సూది పట్టుకుని ఒక పెద్దాయన దగ్గర నిలబడి ‘ఎడమ చెయ్యి’ అన్నాను. ఆగాను. ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. వెనకాల మేడమ్ దగ్గుతోంది. ఆఖరికి ఆయనే విసుగొచ్చి ‘ఎడమ చెయ్యి’ అన్నాడు. హమ్మయ్య అని ఇచ్చేశాను.

ఇప్పుడు నా మంచాలన్నీ ఎక్కాలు అప్పజెప్పే బడిలా తయారయ్యాయి. ‘పక్కకి తిరుగుతున్నాం.’ ‘తిరుగుతున్నాం.’ ‘దుప్పటి తీస్తున్నా.’ ‘తియ్యి.’ పాఠాలు చెప్పి రిటైరైన ఒకావిడ ఉంది. ‘నాయనా, పూర్తి వాక్యం మాట్లాడు’ అంది. ఆవిడ దగ్గర మాత్రం ‘ఇప్పుడు మీ కుడి కాలిని నెమ్మదిగా పైకి ఎత్తబోతున్నాను’ అనాల్సి వస్తోంది. తిరిగి చెప్పేటప్పుడు నా ఉచ్చారణ కూడా దిద్దుతుంది.

మా హెడ్ నర్సు పొట్టిగా ఉంటుంది, మెత్తటి చెప్పులు, వచ్చినట్టే తెలియదు. ఒకరోజు వెనక నిలబడి ఇదంతా చూసి వెళ్లిపోయింది. మర్నాడు మిగతా పిల్లలకి చెప్పిందట, ఆయన చేసినట్టు చెయ్యండి, ఆయన మంచాల దగ్గర ఎవరూ ఉలిక్కిపడటం లేదు అని. ఆ రోజు నాకు ఆకలి వెయ్యలేదు.

పని చాలా ఉంటుంది. అయినా లెక్క దొరికింది. ఎక్కువ అరిచే మంచం దగ్గరికి ముందు వెళ్తాను, తక్కువ అరిచేవాళ్ల దగ్గరికి తరవాత. చప్పుడు చెయ్యకుండా నడిచే యంత్రం జోలికి పోవద్దని మీరే కదా అనేవారు.

మీ బావమరిది

*

వర్క్‌షాపు.

ఒరే,

నవ్వాను. మీ అక్క ఇంకా నవ్వుతోంది. రాత్రి నుంచి మా ఇంట్లో ‘నీళ్లు ఇస్తున్నా’ అంటే ‘ఇస్తున్నా’ అనాలట. ఈ పిచ్చి నీతోనే ఆగలేదు.

సరే, ఇక్కడి సంగతి. ఒంటరిగా కుదరడం లేదు. ఏడాది నిండేదాకా తాత్కాలికంగా ఒకతన్ని పెట్టుకున్నాను. పని తెలుసు, చెయ్యి శుభ్రం. కానీ మాట నోరు దాటి బయటికి రాదు. పెట్టె మీద నిలబడి ఏదో అంటాడు, నేను మళ్లీ అడుగుతాను, మళ్లీ అదే గొణుగుడు. గొణుగుడు అనే పేరు పెట్టాను. అతనొక్కడే కాదు, ఈమధ్య లోకమంతా ఇలాగే తయారైంది. కస్టమర్లు గొణుగుతున్నారు. వార్తలు చదివేవాళ్లు గొణుగుతున్నారు. మీ అక్క సరేసరి, అవతలి గదిలోంచి గొణిగి ఇవతలికొచ్చి కోప్పడుతుంది.

నదివైపు ఆఫీసు భవనంలో మోటారు ఏదో చప్పుడు చేస్తోందని వాళ్ల గోల. నేను వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. నాకైతే బాగానే ఉంది. వాళ్లు ఒప్పుకోరు. నువ్వొక్క రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి విని పో. నీ మాట అయితే నమ్ముతారు.

మొత్తానికే వచ్చేస్తే ఇంకా సంతోషం. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనుకో. అయినా ఊదుతున్నాను.

నీ బావ

*

హాస్టల్.

బావకి,

ఉత్తరం అందింది. రెండు రోజులకి రావడం కుదరదు. మీరన్నట్టు మొత్తానికే వచ్చేస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. నా టూల్ బ్యాగు తడి తగలకుండా చూడండి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. భోజనం బాగుంది. వాతావరణం కూడా బాగుంది. అక్కకి, మా ఆవిడకి ఇప్పుడే ఏమీ చెప్పకండి.

మీ బావమరిది

*

వర్క్‌షాపు.

ఒరే చిన్నోడా,

నీ ఉత్తరం చదివి మనసులో ఒక గంతు వేశాను. పైకి వేస్తే మోకాలు ఒప్పుకోదు. తరవాత స్టూలు మీద కూర్చుని మళ్లీ చదివాను.

ఇన్నేళ్లలో నువ్వు నాతో వాతావరణం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వానలో తడుస్తూ పైకప్పు మీద పని చేసినప్పుడు కూడా మాట్లాడలేదు. ఇప్పుడు పనిగట్టుకుని బాగుందని రాశావు. ఏమైంది?

నువ్వు రావాలని నాకున్నంత ఆశ ఇంకెవరికీ ఉండదు. నా కారణాలు నాకున్నాయి, అవి ఇప్పుడెందుకు. కానీ ఒక్కటి విను. పని నచ్చక వస్తే రా. నా పాఠం చివరికి తలకెక్కిందని సంబరపడతాను. ఏదో జరిగి, తలెత్తుకోలేక పారిపోయి మాత్రం రాకు. అలా వచ్చినవాడు నా తల మీద నిలబడి పని చేస్తుంటే నేను కింద నిశ్చింతగా ఉండలేను. భయం పట్టుకున్నవాడి చేతిలో పానా ఉండకూడదు, అది నీకూ తెలుసు.

ఉన్నది ఉన్నట్టు రాయి. మీ అక్కకి చూపించను. ఈసారి ఉత్తరం నేనే ముందు తీసుకుంటాను.

నీ బావ

*

హాస్టల్.

బావకి,

మీ దగ్గర దాచడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

మా వార్డులో మూడో మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. కడుపుకి ఆపరేషన్ అయింది. మంచి మనిషి, నీళ్లు కావాలని కూడా అడగడు. ఆ రోజు వార్డు సంతలా ఉంది. ఒకాయన సెలైన్ పీకేసుకున్నాడు, ఒకావిడ నొప్పి అని కేకలు, ఇంకొకాయన ఇంటికి పంపించమని గొడవ. నేను కేక వినిపించినవైపు పరిగెడుతున్నాను. మూడో మంచం ఆయన్ని గంటగంటకీ చూడాలి. దాటుతూ చూశాను. కళ్లు మూసుకుని ఉన్నాడు, కదలడం లేదు, చప్పుడు లేదు. హాయిగా నిద్రపోతున్నాడు, లేపడమెందుకు అనుకున్నాను. రెండోసారి కూడా అలాగే అనుకున్నాను.

అటుగా వెళ్తున్న హెడ్ నర్సు ఆగి, ఆయన నుదురు మీద చెయ్యి పెట్టింది. చల్లటి చెమట. నాడి అందడం లేదు. లోపల రక్తం కారుతోంది. మరుక్షణం అందరూ పరిగెత్తారు, మంచాన్ని ఆపరేషన్ గదికి తోసుకుపోయారు. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

బతికాడు బావా. ఆ మాట ముందే రాయాల్సింది.

సాయంత్రం హెడ్ నర్సు నన్ను పిలిచి ఎందుకు చూడలేదని అడిగింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నేను ఉన్నది చెప్పేశాను. మా పనిలో చప్పుడు చేసేదే పాడైనట్టు, చప్పుడు లేనిది బాగున్నట్టు అన్నాను.

‘బాగున్న యంత్రం నిశ్శబ్దంగా ఉంటుంది. ఓపిక అయిపోయిన మనిషి కూడా అలాగే ఉంటాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మన పనిలో మాత్రం అడగకముందే పెట్టాలి. రేపటి నుంచి పిలిచే మంచాలు మీకు లేవు, పిలవనివాళ్ల దగ్గరికే వెళ్లండి,’ అంది.

పొమ్మని అంటే పోయేవాణ్ణి. పెట్టె కూడా సర్దుకున్నాను. ఆ పని చెప్పేసరికి ఎటూ కాకుండా పోయాను. వారంగా పిలవనివాళ్ల దగ్గరే తిరుగుతున్నాను. చాలా కష్టం. పిలిచేవాళ్లు ఏం కావాలో చెప్తారు. వీళ్ల దగ్గర కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, గోళ్ల రంగు చూడాలి, సగం తిని వదిలేసిన పళ్లెం చూడాలి.

పెద్దాయన వార్డుకి తిరిగొచ్చాడు. ఒక్క కేక వెయ్యొచ్చు కదండీ అని అడిగాను. నిజం చెప్పాలంటే ఆయన మీద కోపంగా కూడా ఉంది. ‘అందరూ పనిలో ఉన్నారు కదా బాబూ, ఎందుకులే అనుకున్నాను,’ అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇక్కడ ఉండే అర్హత నాకుందో లేదో తెలియడం లేదు. మీరేమంటే అదే చేస్తాను.

మీ బావమరిది

*

వర్క్‌షాపు.

ఒరే చిన్నోడా,

నేను రమ్మంటే వచ్చేస్తావని తెలుసు కాబట్టి ఆలోచించి రాస్తున్నాను. అందుకే ఆలస్యమైంది.

నేను చెప్పిన మాట తప్పు కాదు. అది యంత్రాల గురించి చెప్పిన మాట. నువ్వు దాన్ని మనుషులకి తగిలించావు. అలవాటులో పొరపాటు. తప్పు చేశావు, పక్కనున్నావిడ పట్టుకుంది, ఆయన బతికాడు. ఇప్పుడు ఆ తప్పు మళ్లీ చెయ్యనివాడు మీ వార్డులో ఒకడున్నాడు. వాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ లిఫ్టుకి గ్రీజు పూయిస్తే ఎవరికి లాభం?

పరీక్షకి కూర్చో. గట్టెక్కకపోతే అప్పుడు చూద్దాం. ఏడవడం మాత్రం మెట్ల మీద కాదు, గదిలో తలుపు వేసుకుని ఏడువు. రోగులు చూస్తే కంగారు పడతారు.

నా గురించి బెంగ పెట్టుకోకు. గొణుగుడు ఉన్నాడు, పని నడుస్తోంది. ఇక్కడ అంతా బాగానే ఉంది. వాతావరణం కూడా బాగుంది.

నీ బావ

[కింద, వేరే చేతిరాత]

ఒరే తమ్ముడూ, కవరు అతికించమని నాకిచ్చారు, మిగిలిన చోటులో రాస్తున్నాను. అంతా బాగాలేదు. మీ బావకి చెవులు వినపడటం లేదు. రెండేళ్లుగా సన్నగిల్లుతూ వస్తోంది. నువ్వున్నన్నాళ్లూ నీ చెవులతో, నీ పెదాలు చూసుకుంటూ నెట్టుకొచ్చారు. ఫోన్ వద్దన్నది అందుకే, మీరిద్దరూ తిట్టుకుంటారని కాదు. పోయిన వారం కొత్తతను లిఫ్టు పెట్టె మీద నిలబడి ఆపమని అరిచాడట. ఈయనకి వినపడలేదు, ఇంకా పైకి పోనిచ్చారు. అతనే చెయ్యి చాచి పెట్టె మీదున్న స్విచ్చి కొట్టుకుని ఆపుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు. డాక్టరు దగ్గరికి పదండి అంటే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. చెవిటివాడని తెలిస్తే ఎవరు పని ఇస్తారంటారు. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. చెప్పలేదు, రాశాను.

*

హాస్టల్.

బావకి,

అక్క మీద కోప్పడకండి. కోప్పడితే ఇకనుంచి నా ఉత్తరాలన్నీ ఆవిడకే.

మూడో మంచం పెద్దాయన ఒంటరిగా చల్లబడిపోతుంటే గమనించలేదని నేను ఇక్కడ తలబాదుకున్నాను. మీరు రెండేళ్లు నా ఎదురుగా ఉన్నారు. రోజంతా పక్కపక్కనే పని చేశాం. నేను మాట్లాడేటప్పుడు నా మొహం వైపే చూస్తుంటే, నా మాటంటే మీకు అంత గౌరవమని మురిసిపోయాను. మీరూ పిలవలేదు, నేనూ చూడలేదు. నాకు మీ మీద చాలా కోపంగా ఉంది బావా. నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది.

కోర్సు ఆపేసి వచ్చేస్తాను. పరీక్ష వచ్చే నెలలోనే, అయినా పరవాలేదు. మళ్లీ మీ పక్కన నిలబడతాను. మీరు చేతులు, నేను చెవులు, ఇదివరకటిలాగే. ఈ మాట మొహమాటానికి అనడం లేదు.

నేను వచ్చేలోపు ఇవి రాసి పంపండి. ఒక చెవా, రెండూనా? లోపల హోరు ఉంటోందా? తల తిరుగుతోందా? ఆడవాళ్ల గొంతు తక్కువ వినిపిస్తోందా, మగవాళ్ల గొంతా? అక్కడ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, వెళ్లేముందు శుభ్రం చేస్తానని చెవిలో ఏ పుల్లా పెట్టకండి, మీ సంగతి నాకు తెలుసు.

ఇంకొకటి. డాక్టరు మీ చెవులు పరీక్ష చేసేదాకా మోటారు గదిలో మీరు స్విచ్చి మీద చెయ్యి వెయ్యొద్దు. ఇది బావమరిదిగా అడగడం లేదు, నర్సుగా చెప్తున్నాను. ఎలా చెప్పాలో మీరే నేర్పారు. కాబట్టి తిరిగి చెప్పండి.

‘స్విచ్చి మీద చెయ్యి వెయ్యను.’

మీ బావమరిది

*

వర్క్‌షాపు.

స్విచ్చి మీద చెయ్యి వెయ్యను.

చాలా? ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు కోర్సు వదిలేసి వస్తే నా గుమ్మం తొక్కనివ్వను. అక్క గుమ్మం అంటావేమో, అదీ నాదే.

నా చెవులుగా ఉంటావా? ఎన్నాళ్లుంటావు? నేను అరవై దాటేదాకానా? అప్పటికి నువ్వు యాభై, ఇటు లిఫ్టూ లేదు, అటు నర్సూ లేదు. ఒకడి చెవులు పోయాయని ఇంకొకడి బతుకు తీసుకుంటానా నేను?

ఒక మాట ఎప్పటినుంచో గొంతులో ఉంది. నర్సు పని తక్కువని నేను ఏనాడూ అనుకోలేదురా. మా అమ్మ పోయిన వారమంతా ఆసుపత్రిలో ఆవిడ తల దువ్వింది ఒక నర్సే. నువ్వు వెళ్లిపోతే నా పని ఆగిపోతుందని భయం. ఆ మాట నోటితో అనలేక నిన్ను నర్సమ్మా అని ఏడిపించాను. నువ్వు నవ్వి ఊరుకున్నావు, నాకు ఇంకా సిగ్గేసింది.

రెండు చెవులూ. హోరు ఉంది. తల తిరగదు. మీ అక్క గొంతు తక్కువ, అందులో నా తప్పేం లేదు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మీ అక్కా, మీ ఆవిడా చెరో పక్కా కూర్చుంటారట, పారిపోకుండా. పుల్ల పెట్టను.

పో, చదువుకో.

నీ బావ

*

ఆసుపత్రి, రెండో వార్డు.

బావకి,

గట్టెక్కాను.

రోగి ఒక లారీ డ్రైవరు, కాలికి కట్టు మార్చాలి. భయంలో పటకారు కింద పడేశాను. పోయిందిరా అనుకున్నాను. మళ్లీ చేతులు కడుక్కుని మొదటినుంచి మొదలుపెట్టాను. ‘కట్టు విప్పుతున్నా’ అంటే ఆయన ‘విప్పు గురూ’ అన్నాడు, వరసలో నిలబడ్డ మా క్లాసు పిల్లలు నవ్వారు. అంతా అయ్యాక హెడ్ నర్సు ‘పనికొస్తారు’ అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మాట ఇంతవరకు ఎవరూ వినలేదట.

ఒకటో తేదీ నుంచి ఇదే వార్డులో ఉద్యోగం. మా ఆవిడ వచ్చే నెల సామాన్లతో వస్తానంది, స్క్రూలు మాత్రం తేనంది. తెల్ల కోటు మీద ఇవాళే బ్యాడ్జి కుట్టించుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాకే నమ్మకం కుదరలేదు. మీరుంటే ఏమనేవారో అనిపించింది. మీకు చూపించాలని చాలా ఉంది.

మీరేమో మీ చెవుల సంగతి ఒక్క ముక్క రాయలేదు. డాక్టరేమన్నాడు? షాపు ఎలా? దాచొద్దు. వాతావరణం గురించి రాస్తే బస్సెక్కి వచ్చేస్తాను.

మీ బావమరిది

*

ఇల్లు.

ఒరే చిన్నోడా,

నవ్విన నాపచేనే పండింది. నీ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగాను. పాత కస్టమర్లు నువ్వు కోలుకున్నావా అని అడిగితే, కోలుకున్నాడు, ఇప్పుడు మిమ్మల్ని కూడా కోలుకునేలా చేస్తాడు అన్నాను.

డాక్టరు సంగతి. ముప్పై ఏళ్లు మోటార్ల పక్కన కూర్చున్నందుకు చెవులు అరిగిపోయాయట. తిరిగి రావు. రెండు చిన్న మిషన్లు ఇచ్చారు. అవి పెట్టుకుంటే మనుషుల మాట వినిపిస్తుంది. పెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్తే తెలిసింది, గొణుగుడు గొణగడు. గట్టిగానే మాట్లాడతాడు, కొంచెం ఎక్కువే మాట్లాడతాడు. అతనికి క్షమాపణ చెప్పాను, ఎందుకో అతనికి అర్థం కాలేదు. కానీ బేరింగు లోపలి సన్న చప్పుడు ఈ మిషన్లకి అందదు. లిఫ్టుల పని ఇక నాది కాదని అక్కడే నిలబడి ఒప్పుకున్నాను. పని మొత్తం అతనికి అప్పగించాను. జాగ్రత్తగా చేస్తాడు.

ఆ తరవాత కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాను. మీ అక్క ఏమీ అనలేదు. అననందుకు నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఆఖరికి నేనే వెళ్లి, లిఫ్టులకి కంట్రోల్ బోర్డులు తయారుచేసే కార్ఖానాలో పని అడిగాను. బల్ల ముందు కూర్చుని రంగు రంగుల వైర్లు కలపడం, నంబర్లు తగిలించడం. చెవులతో పని లేదు, కళ్లూ వేళ్లూ చాలు. పని వచ్చా అన్నారు. రాదు, నేర్చుకుంటాను అన్నాను. ఆ మాట చివరిసారి ఎప్పుడన్నానో నాకు గుర్తు లేదు.

మొన్న చేరాను. నేర్పేది నాకు కూతురయ్యే వయసున్న అమ్మాయి. చాలా మర్యాద. ఉదయమంతా కష్టపడి నేను కట్టిన బోర్డు చూసి, అంతా విప్పేసి, మళ్లీ మొదలుపెట్టండి బాబాయ్ అంది. పక్క బల్లల వాళ్లు తల దించుకుని నవ్వకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. నా వేళ్లు లావు, వైరు సన్నం. ముప్పై ఏళ్లు నలుగురికి పని నేర్పినవాణ్ణి, చిన్నపిల్లాడిలా బల్ల కింద దూరాలనిపించింది. ఇంటికొచ్చి మీ అక్కతో బాగానే గడిచిందన్నాను. నమ్మినట్టు లేదు.

నువ్వు వెళ్లినప్పుడు నీకు ఎలా ఉందో నేను ఒక్కసారి కూడా అడగలేదురా. ఎప్పుడొస్తావనే అడిగాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఏమీ రానివాడిగా ఆ మొదటి నెల ఎలా గడిపావు? రోజూ పొద్దున్నే మళ్లీ ఎలా లేచి వెళ్లావు? నవ్వించడానికి కాకుండా, ఉన్నది ఉన్నట్టు రాయి. రేపు నేను మళ్లీ వెళ్లాలి.

నీ బావ